బొగ్గుబాయిలోని క్రమశిక్షణ ట్రాక్టరు మీద కూడ ఉండవలెను

రామగుండం, గోదావరిఖని, మంథని, కమాన్‌పూర్ ప్రాంతాలలో నేడు దుక్కి మొదలుకొని కోత వరకు ట్రాక్టరు చేయని పని లేదు. దమ్ము చేయుటకు ట్రాక్టరే, పత్తి మిల్లుకు తోలుటకు ట్రాక్టరే, వడ్లు కొనుగోలు కేంద్రానికి చేర్చుటకు ట్రాక్టరే. కాడి ఎద్దులు అలసిన నిలిచిపోవును, బెదరిన వెనుకకు తగ్గును, గట్టు అంచు కనిపించిన తామే ప్రక్కకు తొలగును. ట్రాక్టరుకు ఈ తెలివి లేదు. తోలేవానికి ఎంత జాగ్రత్త గలదో దానికీ అంతే గలదు. ఈ చిన్న సంగతిని మనము మరచిపోవుట వలన ఏటేట ఎన్నో కుటుంబాలు దిక్కులేనివగుచున్నవి. ఇట్టి ప్రమాదాలకు తలరాత కారణము కాదనియు, ఇవి మనము ఆపగలిగినవేననియు చెప్పుట ఈ వ్యాసము ఉద్దేశము.

ఒకే ఇంటిలో రెండు పద్ధతులు

మన బొగ్గు ప్రాంతపు పల్లెలలో ఒక విశేషమున్నది. ఒకే ఇంటిలో అన్న బాయి పనికి పోవును, తమ్ముడు పొలము చూచుకొనును. అన్న తలకు టోపీ, టోపీకి దీపము, కాళ్లకు బూట్లు లేనిదే బాయిలో అడుగు పెట్టడు, పెట్టనీయరు కూడ. బీడీ, అగ్గిపెట్టె జేబులో ఉన్న లోనికి పోనీయరు. షిఫ్టు మొదలు కాకముందే సర్దారు పనిస్థలమును చూచి, పైకప్పును, గాలిని తనిఖీ చేసి, పనికి యోగ్యమని తేల్చవలెను. ఓపెన్‌కాస్టులో డంపరు నడిపేవాడు ఎక్కుటకు ముందు బ్రేకు, స్టీరింగు, టైర్లు, హారను చూచుకొనును. డంపరు తిరిగే బాట అంచున మట్టికట్ట వేసి ఉంచుదురు. 1952 నాటి గనుల చట్టము ప్రకారము 18 ఏండ్లు నిండనివానిని గనిలో పనికి పెట్టరాదు.

అదే ఇంటిలో తమ్ముడు ఏమి చేయుచున్నాడు? లుంగీ కట్టి, వట్టి కాళ్లతో ట్రాక్టరు ఎక్కును. రెండు మడ్గార్డుల మీద ఇద్దరిని కూర్చుండబెట్టుకొనును. ట్రాలీలో ఇరువది ముప్పది మంది కూలీలను నింపుకొని, ఏ మట్టికట్టయు లేని కాలువ గట్టు మీద తోలుకొని పోవును. ఒక్కొక్క ఇంట పదిహేనేండ్ల పిల్లవానికి తాళపుచెవి ఇచ్చి, "మా పోరగాడు మంచిగ నడుపుతడు" అని నలుగురిలో గొప్పగా చెప్పుకొందురు.

అన్న ప్రాణము విలువైనదై, తమ్ముని ప్రాణము, కూలి తల్లుల ప్రాణము చులకనైనదా? కాదు. బాయిలో జాగ్రత్త తరతరాల అనుభవము వలన, చట్టము వలన, పోయిన ప్రాణాల వలన ఏర్పడినది. 1889లో ఇల్లెందు వద్ద బొగ్గు త్రవ్వకము మొదలైనది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ అను పేరు వచ్చినది. నూరేండ్లకు మించిన ఆ అనుభవము మన ఇంటి అరుగు మీదనే ఉన్నది. దానిని పొలములోనికి కొనిపోవుట ఒక్కటే మిగిలియున్న పని.

2018 నేర్పిన పాఠము

2018 ఏప్రిల్ 6వ తేదీన నల్లగొండ జిల్లా పెద్ద అడిశర్లపల్లి మండలము వద్దిపట్ల వద్ద కూలీలతో పోవుచున్న ట్రాక్టరు కాలువలో పడి 9 మంది మరణించిరి. మూడు నెలలు తిరుగక ముందే, జూన్ 24వ తేదీన యాదాద్రి భువనగిరి జిల్లా వలిగొండ మండలములో మరియొక ట్రాక్టరు ట్రాలీతో సహా మూసీ కాలువలో పడి 15 మంది మరణించిరి. రెండు చోట్లను పోయినవారు పొట్టకూటికై పనికి పోవుచున్న వ్యవసాయ కూలీలు. వారిలో అత్యధికులు స్త్రీలు.

ఈ రెండు సంఘటనలను ప్రక్కప్రక్కన పెట్టి చూచిన ప్రమాదము ఎట్లు వచ్చునో తెలియును. రెంటను కాలువ ప్రక్క బాట ఉన్నది, ట్రాలీ నిండ మనుషులున్నారు. కాలువ లోతు ఎక్కువ లేకపోయినను ట్రాలీ తిరగబడినపుడు మనుషులు దాని క్రింద చిక్కుకొందురు. ఈతగాడైనను ఏమియు చేయలేడు. మన పెద్దపల్లి జిల్లాలో శ్రీరాంసాగరు కాలువలు, వాటి పిల్ల కాలువలు పొలాల నడుమ పారుచున్నవి. వాటి గట్లే మనకు రాకపోకల దారులు. అక్కడ జరిగినది ఇక్కడ జరుగదను ధీమాకు ఆధారము లేదు.

ట్రాక్టరు ఎందుకు తిరగబడును?

ట్రాక్టరు బోల్తా పడుట రెండు విధాలు: ప్రక్కకు పడుట ఒకటి, ముందు చక్రాలు లేచి వెనుకకు పడుట మరియొకటి.

ట్రాక్టరు పొలము గట్లు దాటుటకు, పైరు సాళ్లపై నడుచుటకు ఎత్తుగా నిర్మింపబడినది. బరువు పైనుండును కనుక మలుపులో వేగముగా త్రిప్పిన ప్రక్కకు ఒరుగును. వేగము రెట్టింపైన మలుపులో ప్రక్కకు త్రోసే బలము రెట్టింపు కాదు, నాలుగు రెట్లగును. గంటకు 15 కిలోమీటర్ల వేగములో సునాయాసముగా తిరిగిన మలుపే 30 కిలోమీటర్ల వేగములో ప్రాణము తీయవచ్చును. గట్టు అంచున మెత్తని మన్ను కూలుట మరియొక కారణము. కాలువ ఎంత లోతున్నదో కనీసము అంత దూరము అంచు విడిచి నడుపవలెను. ఆరడుగుల లోతు కాలువకు ఆరడుగుల ఎడము. అంత చోటు లేని గట్టు ట్రాక్టరుకు దారి కాదు. చుట్టు తిరిగి పోవలెను.

వెనుకకు పడుట ఇంతకన్న భయంకరమైనది. దమ్ములో చక్రాలు దిగబడినపుడు ఇంజను బలమంతయు వెనుక ఇరుసు మీద పడును. చక్రాలు తిరుగజాలవు; అప్పుడు ఆ బలము ట్రాక్టరు ముందు భాగమును పైకి లేపును. లేచినదని తోలేవాడు తెలిసికొని క్లచ్చి నొక్కులోపుననే రెండు సెకన్లలో అంతయు ముగిసిపోవును. దిగబడిన ట్రాక్టరును బయటకు తీయుటకు వెనుక చక్రాలకు మొద్దు కట్టు అలవాటు మన ప్రాంతములో ఉన్నది. ఆ మొద్దు నేలకు తగిలి చక్రము నిలిచినచో ట్రాక్టరే చక్రము చుట్టు తిరుగును. ఈ పని ఎన్నడును చేయరాదు. వెనుక గేరులో మెల్లగా వచ్చిన దారినే రావలెను. రాకున్న మరియొక ట్రాక్టరుతో లాగించవలెను. అట్లు లాగునపుడు గొలుసును లాగుడు బద్దకు మాత్రమే కట్టవలెను. పై లింకుకో, ఇరుసుకో కట్టిన ముందు చక్రాలు లేచును. గొలుసు తెగి కొట్టుకొనవచ్చును కావున ఎవరును దగ్గర నిలువరాదు.

బ్రేకు విషయము కూడ ఇక్కడనే చెప్పవలెను. ట్రాక్టరుకు కుడి ఎడమ చక్రాలకు వేరువేరు బ్రేకు పెడళ్లుండును. పొలములో మూల తిరుగుటకు ఒక్కటే నొక్కుట ఉపయోగకరము. రోడ్డెక్కునపుడు రెంటిని కలిపే కొక్కెము తప్పక వేయవలెను. వేయనిచో వేగములో ఒక్క చక్రము మాత్రమే నిలిచి బండి గిరగిర తిరిగి పడిపోవును. చేయిచాచి కొక్కెము వేయుటకు ఒక్క క్షణము చాలును.

ట్రాలీ మనుషులను మోయుటకు కాదు

ఇంచుమించు రెండు టన్నుల ట్రాక్టరు వెనుక నాలుగైదు టన్నుల వడ్లో, ఇసుకో నింపి తోలుట మన అలవాటు. ట్రాలీలలో పెక్కింటికి సొంత బ్రేకులు లేవు. ట్రాక్టరు నిలువబోయిన వెనుకనున్న బరువు దానిని ముందుకు త్రోయును. వంపు దారిలో ప్రక్కకు మడిచి వేయును. దిగుడులో డీజిలు కలిసివచ్చునని న్యూట్రలులో వదలువారు ఆదా చేయునది కొద్ది పైకము, పణము పెట్టునది ప్రాణము. ఎక్కుటకు ఏ గేరు కావలెనో దిగుటకు కూడ అదే గేరు వేయవలెను.

1988 నాటి మోటారు వాహనాల చట్టము ట్రాక్టరును తాను స్వయముగా బరువు మోయుటకు నిర్మింపబడని వాహనముగా నిర్వచించినది. వ్యవసాయపు ట్రాలీ వ్యవసాయ సామగ్రి తోలుటకే ఉద్దేశింపబడినది. దానికి సీట్లు లేవు, పట్టుకొనుటకు ఊచలు లేవు, స్ప్రింగుల మెత్తదనము లేదు. ట్రాక్టరు మీద తోలేవానికి ఒక్కనికే ఆసనము గలదు. మడ్గార్డు ఆసనము కాదు. గుంత తగిలిన మడ్గార్డు మీదివాడు జారి పడునది సరిగా వెనుక పెద్ద చక్రము ముందే. అందులో కూర్చున్నది ముద్దుల మనుమడైనను చక్రము కనికరించదు. ప్రమాదము జరిగినచో బీమా పరిహారము కోరునపుడు ఈ సంగతియే అడ్డు వచ్చును. ఆసనము లేనిచోట ఎక్కించిన మనిషికి పరిహారము యజమాని మీదనే పడి, ఉన్న ఎకరము అమ్ముకొను దుస్థితి కలుగవచ్చును.

తిరుగు షాఫ్టు

ట్రాక్టరు వెనుకనుండి యంత్రాలకు శక్తినిచ్చు పి.టి.ఓ. షాఫ్టు సాధారణముగా నిమిషానికి 540 చుట్లు తిరుగును. అనగా ఒక్క సెకనుకు 9 చుట్లు. "అమ్మా" అని కేక వేయులోపుననే చీర కొంగు, మెడలోని తువాలు, లుంగీ అంచు, విడిచిన జుట్టు పూర్తిగా చుట్టుకొనును. షాఫ్టు మీద రేకు తొడుగు వేసి కంపెనీవారు పంపుదురు. మన పల్లెలో మొదట ఊడదీసి మూలకు పారవేయునది దానినే. గ్రీజు పెట్టుటకు అడ్డమని తీసిన ఆ తొడుగు మరల ఎక్కదు.

నూర్పిడి యంత్రము వద్ద పని చేయువారిలో ఎక్కువమంది స్త్రీలు. కొంగు నడుమున బిగించి, జుట్టు ముడివేసి, పైన చొక్కా తొడుగుకొన్నచో అపాయము తగ్గును. తొడుగు లేని షాఫ్టు వద్ద పని చేయమని చెప్పు హక్కు వారికి గలదు. ఆ మాట చెప్పిన ఆమెను గయ్యాళి అనక, తెలివిగలదని మెచ్చుకొనవలెను. యంత్రములో ఏమి చిక్కినను ఇంజను ఆపి, తాళపుచెవి తీసి జేబులో వేసికొనిన తరువాతనే చేయి పెట్టవలెను. బాయిలో యంత్రము బాగు చేయునపుడు కరెంటు తీసి, స్విచ్చికి తాళము వేయుట నియమము. ఇది దానికి తమ్మునివంటిది.

రాత్రి రోడ్డు

మన ప్రాంతపు రోడ్లు ఇతర ప్రాంతాల రోడ్లవంటివి కావు. బొగ్గు టిప్పర్లు, బూడిద టిప్పర్లు రాత్రింబగళ్లు తిరుగును. రాజీవ్ రహదారి మీద పెద్ద లారీల వరుస ఆగదు. రాత్రి షిఫ్టుకు పోవువారు, రెండవ షిఫ్టు దిగి వచ్చువారు చీకటిలో మోటారు సైకిళ్లపై పల్లెలకు ప్రయాణము చేయుదురు. ఇట్టి రోడ్డు మీద వెనుక దీపము లేని పత్తి ట్రాలీని నిలిపి, టైరు పంక్చరైనదని నాలుగు రాళ్లు అడ్డము పెట్టి పోవుట ఎంత ఘోరమో యోచింపుడు. ఎదుటి లారీ దీపాల వెలుగులో కన్నులు చెదిరిన సైకిలు మోటారువానికి ఆ ట్రాలీ తగిలిన తరువాతనే కనిపించును. టైరు బాగైన పిదప ట్రాలీ పోవును. దారిలో మిగిలిన ఆ రాళ్లు మరియొకని ప్రాణము తీయును.

కావున ట్రాలీ వెనుక రెండు మూలలను ఎఱ్ఱని మెరుపు పట్టీలు అంటింపవలెను. ఇది కొద్ది రూపాయల ఖర్చు. వెనుక దీపాల తీగ కలిపి, బయలుదేరుటకు ముందు వెలుగుచున్నవో లేదో చూడవలెను. ఇనుప పంజా చక్రాలతో తారు రోడ్డెక్కరాదు. రోడ్డు చెడును, బండి జారును. ట్రాక్టరు మీద పెద్ద పెట్టెలో పాటలు పెట్టుకొనువారికి వెనుక లారీ హారను వినపడదు. సెల్‌ఫోను మ్రోగిన ప్రక్కకు ఆపి మాట్లాడవలెను. త్రాగి తోలుట గురించి వేరుగ చెప్పనక్కరలేదు. త్రాగినవానిని బాయి గేటు లోనికి రానీయరు, మన పొలము గేటు కూడ అంతే కావలెను.

ప్రతిదినము పది నిమిషాలు

జాగ్రత్తగా నడుపుట సగము, బండిని చక్కగా ఉంచుట సగము. బ్రేకు పట్టని బండిని ఎంత నేర్పరియు కాపాడలేడు. ఉదయము ఇంజను వేయుటకు ముందు పది నిమిషాలు వెచ్చించిన చాలును.

మొదట బండిని సమతలముగా నిలిపి ఇంజను నూనె కొలబద్ద తీసి తుడిచి చూడవలెను. నూనె రెండు గీతల నడుమ ఉండవలెను. రేడియేటరులో నీరు చూడవలెను. ఇంజను వేడిగా నున్నపుడు మూత తీయరాదు. ఉడుకునీరు ముఖమున చిమ్మును. ఫ్యాను బెల్టు నడుమ బొటనవ్రేలితో నొక్కిన ఇంచుమించు అర అంగుళము లోనికి పోవలెను. అంతకన్న వదులైన ఇంజను వేడెక్కును, బిగువైన బేరింగు చెడును. బ్యాటరీలో శుద్ధజలము పలకల పైకి ఒక సెంటీమీటరు వరకు ఉండవలెను.

గాలి శుద్ధి చేయు గిన్నె మన ప్రాంతములో మిక్కిలి ముఖ్యము. బొగ్గుదుమ్ము, బూడిద, ఎఱ్ఱమన్ను కలిసిన గాలిని మన ఇంజన్లు పీల్చుచున్నవి. ఆ దుమ్ము లోనికి పోయిన సిలిండరు గోడలను ఆకురాయివలె అరగదీయును. నల్లపొగ, నూనె ఖర్చు, బలహీనత అందువలన కలుగును. నూనె గిన్నె గల రకమైనచో దినదినము విప్పి చూచి, మడ్డి చేరిన పారబోసి కడిగి, గీత వరకు మాత్రమే క్రొత్త నూనె పోయవలెను. గీత దాటి పోసిన ఆ నూనె ఇంజనులోనికి లాగబడును. పొడి వడపోత గల రకమైనచో కంపెనీ పుస్తకములో చెప్పినట్లు శుభ్రపరచి, గడువు తీరగానే మార్చవలెను. చెప్పు నేలకు కొట్టినట్లు వడపోతను రాతికి కొట్టరాదు.

డీజిలు టాంకీని ఉదయము కాక సాయంకాలము నింపుట మంచిది. ఖాళీ టాంకీలో రాత్రి చల్లదనమునకు గాలిలోని తేమ నీరై డీజిలులో కలియును. ఆ నీరు పంపును, నాజిళ్లను త్రుప్పు పట్టించును. డీజిలు వడపోత అడుగున చేరిన నీటిని అప్పుడప్పుడు వదలుచుండవలెను. డీజిలు పోయునపుడు బీడీ దగ్గరకు రానీయరాదు.

టైర్లలో గాలి పొలము పనికి వెనుక టైర్లకు సుమారు 12 నుండి 14 పౌండ్లు, ముందు టైర్లకు 24 నుండి 28 పౌండ్లు సామాన్యముగా సరిపోవును. ట్రాలీ తోలునపుడు పుస్తకము చూచి వెనుక గాలి కొంత పెంచవలెను. బ్రేకు పెడళ్లు రెండును సమానముగా దిగుచున్నవో చూడవలెను. స్టీరింగులో వదులు, చక్రాల నట్లు, ట్రాలీ కొక్కెము, దాని పిన్ను, పిన్ను జారకుండు గొళ్లెము చూచి, గ్రీజు చోట్లన్నింటికి గ్రీజు కొట్టవలెను. ఇంజను నూనె ఎన్ని గంటలకు మార్చవలెనో కంపెనీ పుస్తకములో ఉండును. గంటల మీటరు చెడిపోయిన ఆ లెక్క తప్పును, కనుక మీటరును బాగు చేయించుకొనవలెను. ఎరువు, విత్తనము లెక్క వ్రాసికొను రైతు ట్రాక్టరుకు కూడ ఒక చిన్న పుస్తకము పెట్టుట కష్టము కాదు.

ఇతర దేశాల అనుభవము

యంత్రము కన్న ముందు ప్రమాదము, ప్రమాదము తరువాత నియమము రావలసినదేనా? అన్ని దేశాలును ఈ బాధ పడినవి. స్వీడన్ దేశము 1959లో క్రొత్త ట్రాక్టర్లకు తోలేవాని పైన బలమైన ఇనుప చట్రము తప్పనిసరి చేసినది. బండి బోల్తా పడినను మనిషి నలగకుండ ఆ చట్రము కాపాడును. తరువాతి దశాబ్దాలలో అక్కడ ట్రాక్టరు బోల్తా మరణాలు ఎంతో తగ్గిపోయినవి.

పడమటి దేశాల రైతులు పశువులను మళ్లించుటకు, కంచెలు చూచుటకు వాడు చిన్న బండ్ల కథ కూడ ఇట్టిదే. లావు టైర్లతో, చేతికొమ్ము స్టీరింగుతో మోటారు సైకిలువలె ఎక్కి నడుపు ఈ బండ్లు ఎట్టి నేలనైనను నడుచును. మొదట మూడు చక్రాలతో 1970లో అమెరికాలో అమ్మకానికి వచ్చినవి. బోల్తాలు, పిల్లల మరణాలు పెరుగగా 1988లో అక్కడి ప్రభుత్వముతో కుదిరిన ఒప్పందము వలన మూడు చక్రాల రకము అమ్మకము నిలిచినది. నాలుగు చక్రాల రకము కూడ నిరపాయము కాలేదు. ఆస్ట్రేలియాలో 2021 అక్టోబరు నుండి వ్యవసాయానికి వాడు అట్టి క్రొత్త బండ్లకు తోలేవానిని కాపాడు చట్రము ఉండవలెనని నియమము వచ్చినది. ఆ బండ్లు మన పొలాలకు ఇంకను అలవాటు కాలేదు. కాని వాటివలన వారు నేర్చిన పాఠములో మన ట్రాక్టరుకు పనికిరానిది ఒక్కటియు లేదు: శిక్షణ లేనివాడు ఎక్కరాదు, పిల్లలు తోలరాదు, ఒక్కని ఆసనము మీద ఇద్దరు కూర్చుండరాదు, తలకు టోపీ లేక బయలుదేరరాదు.

అభ్యంతరాలు, సమాధానాలు

ఈ మాటలు చెప్పినపుడు రైతులు కొన్ని అభ్యంతరాలు చెప్పుదురు. అవి త్రోసివేయదగినవి కావు.

"కూలీలు నడచి రారు, ఆటోకు కిరాయి ఎక్కువ, ట్రాలీ కాక గతేమున్నది?" అందురు. నాట్ల కాలములో కూలీలు దొరకుట కష్టమన్నది నిజమే. కాని ఆటోలో పరిమితికి మించి కుక్కిన అదియు ట్రాలీవంటిదే. ఒకే దిక్కు పొలాలున్న నలుగురైదుగురు రైతులు కలిసి ఉదయము, సాయంకాలము సరియైన బండి కుదుర్చుకొని, కిరాయిని పంచుకొన్న తలకు పడునది స్వల్పము. దానిని కూలి ఖర్చులో భాగముగా చూడవలెను. మందు డబ్బా కొనునపుడు బేరము చేయని రైతు మనిషి ప్రాణము వద్ద బేరము చేయుట తగునా? నడువగలిగిన దూరమైనచో పని గంటలు కొంత సడలించినను సరిపోవును.

"గింత దూరానికేమైతది?" అని కొందరందురు. ప్రమాదానికి దూరముతో పని లేదు. 2018లో కాలువలో పడిన బండ్లును ఊరి కూలీలను దగ్గరి చేలకు తీసికొనిపోవుచున్నవే.

"పిల్లవాడు నేర్చుకొనవద్దా?" అని తండ్రులు అడుగుదురు. తప్పక నేర్చుకొనవలెను, 18 ఏండ్లు నిండి, లైసెన్సు తీసికొని, తెలిసినవాని వద్ద నేర్చుకొనవలెను. ఆ వయస్సు వచ్చువరకు బండి కడుగుట, గ్రీజు కొట్టుట, నూనె చూచుట నేర్పుడు. నిర్వహణ తెలిసిన పిల్లవాడు రేపు తోలునపుడు ఇంజను శబ్దము విని జబ్బు కనిపెట్టును.

"ఇన్ని చూచుచు కూర్చున్న పని ఎప్పుడగును?" అను మాట చివరిది. బాయిలో ఈ ప్రశ్న పూర్వము అడిగిరి. తనిఖీ వలన బొగ్గు ఆగిపోలేదు. దమ్ము నడుమ బండి చెడి, మెకానిక్కు కొరకు రెండు దినాలు ఎదురు చూచిన రైతుకు ఈ పది నిమిషాల విలువ తెలియును.

ఏమి చేయవలెను?

రైతుల మీద మాత్రమే భారము వేసి ప్రభుత్వ శాఖలు తప్పుకొనరాదు. ట్రాక్టరుకో, పరికరానికో సబ్సిడీ ఇచ్చునపుడు దానిని వాడు మనిషికి శిక్షణ కూడ అందులో భాగము కావలెను. మన ఊళ్ల రైతు వేదికలు వేసవిలో ఖాళీగా ఉండును. విత్తనాల కాలమునకు ముందే అక్కడ రెండు దినాల ట్రాక్టరు తరగతి నడుపవచ్చును: ఒక దినము బండి నిర్వహణ, ఒక దినము కాలువ గట్టు మీద, దిగుడులో, రోడ్డు మీద నడుపుట. లోతైన శిక్షణ కోరువారికి అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వపు వ్యవసాయ యంత్ర శిక్షణ సంస్థ గలదు. ఊరి నుండి ఒక యువకుడు పోయి వచ్చిన పదిమందికి నేర్పగలడు.

ఇంతకన్న దగ్గరి వనరు మరియొకటి ఉన్నది. డంపర్లు, డోజర్లు ముప్పదేండ్లు నడిపి, నిర్వహించి, పదవీ విరమణ చేసిన కార్మికులు మన పల్లెలలోనే ఉన్నారు. ఏటేట సింగరేణిలో రక్షణ పక్షోత్సవాలు జరుగును. ఆ ప్రదర్శనలను, ఆ పాఠాలను గని గేటు దాటించి చుట్టుప్రక్కల రైతుల వద్దకు కొనిరావచ్చును. బొగ్గు కొరకు భూమిని ఇచ్చిన పల్లెలకు ఈ విద్యను తిరిగి ఇచ్చుట ఉచితము. కాలువ గట్టు మలుపులలో అంచు రాళ్లు నాటుట నీటిపారుదల శాఖ చేయదగిన పని. వానలకు కూలిన చోటును గుర్తించి వెంటనే తెలియజేయుట మన పని.

ప్రతి ఊరును నాలుగు కట్టుబాట్లు చేసికొనవలెను. 18 ఏండ్లు నిండనివానికి తాళపుచెవి ఇయ్యరాదు. ట్రాలీలో, మడ్గార్డు మీద మనుషులను ఎక్కింపరాదు. మెరుపు పట్టీ, వెనుక దీపము లేని ట్రాలీ చీకటిపడిన తరువాత రోడ్డెక్కరాదు. తొడుగు లేని షాఫ్టుతో యంత్రము ఆడింపరాదు. ఈ నాలుగింటికి ప్రభుత్వ ఉత్తర్వు కొరకు ఎదురు చూడనక్కరలేదు. పశువులు చేనిలో పడిన బందెల దొడ్డి కట్టుబాటు మన పెద్దలు తామే చేసికొనిరి గదా. దాటినవానికి జరిమానా వేసి, ఆ సొమ్ముతో ఊరి ట్రాలీలకు మెరుపు పట్టీలు కొనవచ్చును. అపాయము జరిగినచో 108కి ఫోను చేయుట, నలిగిన మనిషిని తొందరపడి లాగక ఇంజను ఆపి, రక్తము కారుచున్న చోట శుభ్రమైన బట్టతో గట్టిగ అదుముట ప్రతి ఇంట తెలిసియుండవలెను.

రైతు సోదరులారా, సోదరీమణులారా! ట్రాక్టరు మనకు శత్రువు కాదు. అది మన నడుముల నొప్పి తీర్చినది, అదను దాటకుండ విత్తనము వేయించినది. దానికి మనము ఇయ్యవలసినది ఉదయము పది నిమిషాల శ్రద్ధ, దారిలో కొంత నిదానము. బాయి నుండి మనవాడు క్షేమముగా పైకి రావలెనని ఇంటి ఇల్లాలు ప్రతి షిఫ్టుకు ఎదురు చూచును. చేనికి పోయినవాడు, చేనికి పోయిన ఆడబిడ్డ కూడ అంతే క్షేమముగా ఇల్లు చేరవలెను. రేపు ఉదయము ఇంజను వేయుటకు ముందు బ్రేకు పెడళ్ల కొక్కెము వేసి చూడుడు. మడ్గార్డు మీద ఎక్కిన పిల్లవానిని దింపుడు. పని అక్కడనుండి మొదలు పెట్టవచ్చును.